హుసేన్‌బీ బదులు మా అమ్మ

ఆ ఏడు పత్తి మొగ్గ తొడిగే వేళకే అమ్మా నాయినా నేనూ, ముగ్గురం అలిసిపోయి ఉన్నాం. గద్వాల నుంచి గట్టు ఊరికి పోయే దారిలో మా చేను. అందులో వేసేది సీడు పత్తి, కంపెనీకి విత్తనం కోసం పండించేది. మామూలు పత్తి అయితే విత్తి, కలుపు తీసి, దేవుడి మీద భారం వేసి ఇంటికి రావచ్చు. సీడు పత్తి అట్లా కాదు. ఆగస్టులో మొదలుపెడితే దసరా దాకా రోజూ సాయంత్రం ఆడ వరుసల్లో నడుస్తూ, మరునాడు విచ్చుకోబోయే మొగ్గలను వెతికి, గోటితో చీల్చి, లోపలి పుప్పొడి కాడలను గిల్లేయాలి. తెల్లవారి ఎండ కాస్త ఎక్కాక మగ వరుసల పూలు తెంపుకొచ్చి, గిల్లిన ప్రతి పువ్వుకూ రుద్దాలి. దాన్నే మా దిక్కు క్రాసింగ్ అంటారు. మనిషికి జ్వరం వచ్చినా, ఇంట్లో చావు జరిగినా, పువ్వు మాత్రం ఆ పూటే విచ్చుకుంటుంది, మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది.

నేను ఒక్క సీజన్ కోసమని ఇంటికి వచ్చాను. డిగ్రీలో ఉండగా నాయిన చేనుకు పురుగుమందు కొడుతూ గట్టు మీద నుంచి జారి పడ్డాడు. నడుం పట్టేసింది. చేనులో చేతులు తక్కువయ్యాయని అమ్మ ఫోన్ చేసింది. అప్పటికి నేను రాష్ట్ర ఆడపిల్లల జట్టులో ఫుట్‌బాల్ ఆడుతున్నాను. క్యాంపుకు పోవాల్సిన నెల అది. క్యాంపు మళ్ళీ ఏడు కూడా పెడతారు కదా అనుకున్నాను. మళ్ళీ ఏడు పత్తి కూడా వచ్చింది. ఆ పై ఏడూ వచ్చింది. నన్ను ఎవరూ ఆపలేదు. ఎవరూ పొమ్మని కూడా అనలేదు. పొద్దున లేచి చేనుకు పోవడం, చీకటి పడ్డాక రావడం, అన్నం తింటుంటే ముద్ద చేతిలో ఉండగానే కళ్ళు మూతలు పడడం. అట్లా నాలుగు సీజన్లు గడిచిపోయాయి.

సెప్టెంబర్ మొదట్లో ఒక సాయంత్రం హుసేన్‌బీ ఫోన్ చేసింది. ఆమెది వనపర్తి దగ్గర పాన్‌గల్. ఆమె కూతురు నస్రీన్, నేను బీచుపల్లి దిక్కు హాస్టల్ బడిలో ఒకే గదిలో పెరిగాం, ఒకే జట్టులో ఆడాం. ఆదివారాలు మా అమ్మ రాలేనప్పుడు హుసేన్‌బీ తెచ్చిన టిఫిన్ డబ్బాలో సగం నాకే వచ్చేది. డిగ్రీ మధ్యలో నేను ఇంటికి వచ్చాను. నస్రీన్ మాత్రం ఆడుతూనే ఉంది. బెంగళూరులో ఏదో క్లబ్‌కు పోయింది, అక్కడి నుంచి ఇండియా జట్టు దాకా పోయింది.

అమ్మ చేతులు ఖాళీ లేక ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టి రెండు కొమ్మల మధ్య ఆనించింది. హుసేన్‌బీ చెప్పిన మాటలన్నీ పక్క వరుసలో ఉన్న నాకు వినిపిస్తూనే ఉన్నాయి. హైదరాబాదులో ఇండియా ఆడపిల్లలకూ నేపాల్ వాళ్ళకూ ఆట ఉందట. నస్రీన్‌ను తీసుకున్నారట. ఇంటివాళ్ళు వచ్చి చూసేందుకు రెండు పాసులు కూడా ఇచ్చారట. కానీ హుసేన్‌బీ భర్త హైదర్‌కు కిడ్నీలు పాడై వారానికి మూడుసార్లు వనపర్తి దవాఖానకు తీసుకుపోవాలి. సరిగ్గా ఆట రోజే డయాలిసిస్ పడింది. అతన్ని వదిలి పోవడం కుదరదు, ఆ రోజు మార్చుకునే వీలూ లేదు.

"దేశం బట్టలేసుకొని మొదటిసారి ఆడుతది అక్కా నా బిడ్డ," అంది హుసేన్‌బీ. "చూడనీకి అమ్మ అనేటిది ఒకతన్న ఉండొద్దా? నువ్వు పో. నువ్వు కూసుంటె నేను కూసున్నట్టే."

అమ్మ ఆ కొమ్మకున్న మొగ్గలన్నీ గిల్లడం అయిపోయాక, "పోత తియ్యి చెల్లె. పరేషాన్ కాకు," అంది.

నా చేయి మొగ్గ మీదే ఆగిపోయింది. మహబూబ్‌నగర్‌లో ఆడాను, నిజామాబాద్‌లో ఆడాను, ఒకసారి రైలెక్కి గువాహటి దాకా పోయి ఆడాను. బీచుపల్లిలో, మా చేనుకు బస్సు దూరంలో కూడా ఆడాను. మా అమ్మ ఒక్కదానికీ రాలేదు. ఇప్పుడు వేరేవాళ్ళ బిడ్డ ఆట చూడడానికి క్రాసింగ్ వదిలిపెట్టి పోతానంటోంది. ఆ రాత్రి నేను అన్నం త్వరగా తిని గోడ వైపు తిరిగి పడుకున్నాను.

నాయిన మొదట ఒప్పుకోలేదు. నడుం పట్టీ బిగించుకుంటూ, పూలు పూసే రోజుల్లో ఇద్దరిద్దరు ఆటలకు పోవడం ఎక్కడైనా ఉందా అన్నాడు. అమ్మ మాట ఇచ్చానంది, దారి తెలిసిన మనిషిగా రెండో పాసుకు నన్ను తీసుకుపోతానంది. చివరికి ఆయన, సాయంత్రం మొగ్గల పని కూలివాళ్ళతో తాను చేయిస్తాననీ, మరునాడు పూలవేళకు మాత్రం మేమిద్దరం చేనులో ఉండాలనీ అన్నాడు. అమ్మ సరేనంది.

ఆట రోజు పొద్దున కూడా మేం చేనుకు పోయాం. పూలు అయిపోయాక కాళ్ళు చేతులు కడుక్కొని, చీరలు మార్చుకొని గద్వాలలో బస్సెక్కాం. అమ్మ జొన్న రొట్టెలూ పల్లీల పొడీ మూటగట్టి తెచ్చింది. బస్సు బీచుపల్లి బ్రిడ్జి దాటేసరికి నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. నిద్రలోనూ ఆమె బొటనవేలు, చూపుడువేలు అప్పుడప్పుడూ కదులుతున్నాయి. నేను బయటికి చూస్తూ కూర్చున్నాను. నిద్ర పట్టలేదు. 

జడ్చర్లలో బస్సు ఆగింది. దిగి చాయ్ తాగుతుండగా ఇక ఆగలేకపోయాను.

"నా ఆటకు ఎన్నడన్న వచ్చినవా అమ్మా?"

ఆమె చాయ్ చివరి గుక్క తాగింది. కోపం రాలేదు, బాధ పడ్డట్టూ కనిపించలేదు.

"ఎట్ల వస్త?" అంది. "అన్ని గీ నెలలల్లనే పెడ్తిరి గద."

అది నిజమే. బడుల ఆటలన్నీ ఆగస్టు నుంచి అక్టోబర్ లోపే జరుగుతాయి. ఆ మాట నాకు ఎన్నడూ తట్టలేదు. ఆమె గ్లాసు కడిగి ఇచ్చి బస్సెక్కింది. నేనూ ఎక్కాను. 

గచ్చిబౌలి స్టేడియం చేరేసరికి పొద్దు వాలుతోంది. గేటు దగ్గర ఒకమ్మాయి మూట విప్పించి రొట్టెలు చూసి, నవ్వి, మళ్ళీ కట్టిచ్చింది. లోపల సగం కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది బడిపిల్లలే. ముఖాలకు రంగులు పూసుకొని, జెండాలు పట్టుకొని గొంతు చించుకొని అరుస్తున్నారు. అమ్మ మెట్ల మీద నిలబడి మైదానం కేసి చాలాసేపు చూసింది.

"గింత పచ్చిగడ్డి పెట్టుకొని ఒక్క మేకను గూడ తోలరా?" అంది.

పొద్దుటి నుంచి మొదటిసారి నాకు నవ్వొచ్చింది.

జాతీయగీతం అయింది. ఆట మొదలైంది. అమ్మ కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకొని నస్రీన్ కోసం వెతికింది. నస్రీన్ బయట బెంచీ మీద కూర్చుని ఉందని, తర్వాత ఎప్పుడో మైదానంలోకి దించుతారని చెప్పాను. అంత దూరం నుంచి పిలిపించి కూర్చోబెట్టడం ఏం మర్యాద అని ఆమె గొణిగింది. మొదటి సగంలో ఆమెకు ఆట ఏమీ అర్థం కాలేదు. ఎవరు మనవాళ్ళో అడిగింది. బంతి బయటికి పోతే మళ్ళీ ఎందుకు విసురుతున్నారో అడిగింది. నేపాల్ పిల్ల గోలు కొడితే కూడా చప్పట్లు కొట్టబోయి, అందరూ ఊరుకున్నారని చేతులు దించుకుంది. నేను ముక్తసరిగా జవాబులిస్తున్నాను. నా కళ్ళు మైదానం మీదే ఉన్నాయి. ఎవరైనా సరైన జాగాలో నిలబడకపోతే నా కాలు దానంతటదే కదులుతోంది.

బహుశా అమ్మ ఆ కాలును చూసి ఉంటుంది.

"నువ్వు ఏడ నిలబడుతుంటివి?" అని అడిగింది.

నేను వేలు పెట్టి చూపించాను. మా వైపు అంచున, వెనక, ఎడమ దిక్కు. మూడో నంబర్ పిల్ల, సన్నగా, పొట్టిగా, జుట్టుకు తెల్ల పట్టీ కట్టుకొని ఉంది.

అమ్మ సరిగ్గా సర్దుకొని కూర్చుంది. ఇక అక్కడి నుంచి బంతి ఎటు పోతే అటు చూడడం మానేసింది. అందరి తలలూ కుడికి తిరిగినప్పుడు కూడా ఆమె ఎడమ అంచుకే చూసింది. బంతి లేకున్నా ఆ పిల్ల ముందుకు ఉరకడం, మళ్ళీ వెనక్కి రావడం, చెయ్యెత్తి వేరేవాళ్ళకు జాగా చూపించడం, నేపాల్ పిల్ల దూసుకొస్తే పక్కకు పడి బంతిని తన్నేయడం, లేచి గడ్డి దులుపుకోవడం, అన్నీ చూసింది. ఒకసారి ఆ పిల్ల పిక్క పట్టేసి కూలబడితే అమ్మ సగం లేచి నిలబడింది.

చాలాసేపటికి అంది: "ఊకెనే ఉరుకుతది. బంతి దొరికితె ముందటోళ్ళకే ఇస్తది. దానికి గోలు కొట్టేటిది ఉండదా?"

"ఆడ నిలబడ్డోళ్ళ పని గంతే అమ్మా."

"నువ్వు గూడ గంతేనా?"

"నేను గూడ."

ఆమె కొంగు మూతికి అడ్డం పెట్టుకొని చూస్తూ ఉంది.

ఆట మధ్య విరామంలో ప్రభుదాసు సారు మా దగ్గరికి వచ్చాడు. మా బడిలో నాకూ నస్రీన్‌కూ ఆట నేర్పిన మనిషి. ఇప్పటి పిల్లలను బస్సులో తీసుకొచ్చాడు. మెట్లెక్కడానికి రెయిలింగు పట్టుకుంటున్నాడు. అమ్మకు దండం పెట్టి, తన మోకాళ్ళు అరిగిపోయాయనీ, పిల్లలతో ఉరికి నేర్పే మనిషి కావాలనీ, బడిలో ఉండడానికి గది ఇస్తారనీ చెప్పాడు. శ్రీవాణిని పంపిస్తారా అని నన్ను చూపించి అడిగాడు. అమ్మ పత్తి అయ్యాక చూద్దామంది. ఆయన తలూపాడు. ఆ తలూపులో నమ్మకం ఏమీ లేదు. పల్లెల్లో తల్లిదండ్రుల నోట ఆయన ఈ మాట ఎన్నిసార్లు విని ఉంటాడో.

రెండో సగంలో మనవాళ్ళు ఒక గోలు కొట్టి సమం చేశారు. సన్నగా జల్లు మొదలైంది. ఆట ఇంకాస్తే ఉందనగా నస్రీన్ బెంచీ మీది నుంచి లేచి ట్రాక్ జాకెట్ విప్పింది. మైకులో పేరు చదివారు. అమ్మ లేచి నిలబడి, కొంగు తల మీదికి లాక్కుంది. మళ్ళీ కూర్చోలేదు.

"కూసో అమ్మా, ఎనుకోళ్ళకు కనబడదు," అన్నాను.

"హుసేన్‌బీ ఉంటె కూసుంటదా?"

 వెనక ఉన్న పిల్లలూ లేచి నిలబడ్డారు.

నస్రీన్ గొప్పగా ఏమీ ఆడలేదు. కంగారుగా ఉంది. రెండుసార్లు బంతి కాలి కింద నుంచి జారిపోయింది. ఒక్కసారి మాత్రం మూడో నంబర్ పిల్ల వెనక నుంచి పొడుగ్గా అందించిన బంతిని పట్టుకొని అంచు వెంబడి పరుగెత్తి లోపలికి కొట్టింది. నేపాల్ గోల్‌కీపర్ ఎగిరి పట్టేసుకుంది. అంతే. కాసేపటికి ఈల వేశారు. ఆట ఒకటి ఒకటిగా ముగిసింది. అమ్మ తడిసిపోయి అట్లాగే నిలబడి ఉంది.

మేం కంచె దగ్గరికి దిగేసరికి నస్రీన్ పరుగెత్తుకొచ్చి, పైనుంచి వంగి అమ్మ రెండు చేతులూ పట్టుకుంది. ఆ వేళ్ళ మీది పగుళ్ళు చూసి ఒక క్షణం ఆగి, ఆ చేతులను తన చెంపలకు ఆనించుకుంది. బాగా ఉరికినవ్ బిడ్డా అంది అమ్మ. నస్రీన్ నా వైపు చూసి, "నువ్వు ఎనుక ఉంటె నాకు ఇంకో రెండు బంతులు వచ్చేటివి," అంది. మాటవరసకు అందో, నిజంగానే అందో తెలియదు. వెనక నుంచి పిలిస్తే వెళ్ళిపోయింది.

ఆ రాత్రి ఇమ్లీబన్ బస్టాండులో ఉండగా హుసేన్‌బీ ఫోన్ చేసింది. డయాలిసిస్ అయ్యాక హైదర్‌కు బీపీ పడిపోయిందట. వార్డులోనే ఉంచారట. ఆ హడావిడిలో ఫోన్‌లో కూడా ఆట చూడలేకపోయిందట. రొట్టెలు తిని, బెంచీల మీద ఒరిగి, తెల్లవారుజామున మొదటి బస్సెక్కాం. కొత్తకోట దగ్గర పడుతుండగా అమ్మ కండక్టర్‌ను వనపర్తికి అక్కడ దిగితే బస్సు దొరుకుతుందా అని అడిగింది.

"పూలేళకు పోవాలె గద అమ్మా," అన్నాను. "నాయిన ఎదురు చూస్తుంటడు."

"చూడనియ్యి."

దవాఖానలో హైదర్ కళ్ళు మూసుకొని పడుకొని ఉన్నాడు. పక్కన స్టూలు మీద హుసేన్‌బీ కూర్చుని ఉంది. మనిషి సగమైంది. అమ్మను చూసి లేవబోతే, అమ్మ భుజం పట్టి కూర్చోబెట్టి, తాను మంచం అంచున కూర్చుంది. ఆట గురించి చెప్పడం మొదలుపెట్టింది. గేటు కాడ మూట విప్పించిన దగ్గర నుంచి ఏదీ వదల్లేదు. నస్రీన్ బట్టల రంగు చెప్పింది, జుట్టు ఎట్లా కట్టుకుందో చెప్పింది, మైకులో పేరు ఎట్లా పిలిచారో ఆ గొంతుతోనే పిలిచి చూపించింది. బంతి జారిపోయిన సంగతి మాత్రం చెప్పలేదు. హైదర్ కళ్ళు తెరవకుండానే వింటున్నాడు. అతని మూసిన కళ్ళ చివర నుంచి నీళ్ళు చెవుల్లోకి జారుతున్నాయి. హుసేన్‌బీ చీర కొంగుతో తుడుస్తోంది.

నేను సీసాలో నీళ్ళు పట్టుకొని వచ్చి గుమ్మం దగ్గర ఉన్నాను. అమ్మకు నేను కనిపించలేదు.

"మన నస్రీన్ ఎనుక ఎడమ దిక్కు ఒక పిల్ల ఉంటది చెల్లె," అంటోంది. "ఆ పిల్ల అవతలోళ్ళ కాడ గుంజుకొచ్చి ఇస్తెనే మన నస్రీన్‌కు బంతి వస్తది. అది ఎవ్వరికి కనబడదు. చప్పట్లు గూడ కొట్టరు." ఒక నిమిషం ఆగింది. "మా శ్రీవాణి గాడ ఆడుతుండె."

నేను వెనక్కి పోయి, నిండిన సీసాను పారబోసి, కుళాయి దగ్గర మళ్ళీ పట్టుకున్నాను.

చేనుకు చేరేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. మా వరుసల్లో పూలు ముడుచుకొని, అంచులు గులాబీ రంగుకు తిరుగుతున్నాయి. నాయిన గట్టు మీద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి, ఏమీ అనకుండా మోటరు దగ్గరికి పోయాడు. అరిస్తే బాగుండుననిపించింది. మేం సద్ది తిని, మళ్ళీ సాయంత్రం పనికి వరుసల్లోకి దిగాం. ఒళ్ళంతా పచ్చి పుండులా ఉంది. కొంతసేపటికి పక్క వరుసలో నుంచి అమ్మ గొంతు వినిపించింది.

"ప్రభుదాసు సారుకు ఫోన్ చెయ్యి."

పత్తి అయ్యాక చూద్దామన్నావు కదా అన్నాను.

"క్రాసింగ్ అయినంక పత్తి తీసుడుంటది. అది అయినంక మల్ల విత్తుడుంటది," అంది. "గిప్పుడే చెయ్యి."

అవతల వరుసలో నాయిన నడుం నిలబెట్టాడు. "మరి గీ సాల్లు ఎవరు చేస్తరు?" అని అడిగాడు. అందులో కోపం లేదు. నిజంగానే తెలియక అడిగాడు.

"చేసినకాడికి చేస్తం. మిగిలినవి మిగులుతయి."

ఆయన నడుం పట్టీ సవరించుకొని, మళ్ళీ వంగాడు. నాకు సంతోషం అనిపించలేదు. అంత శక్తి లేదు. ఉరకడానికి కాళ్ళు ఇంకా వస్తాయో రావో అని మాత్రం అనిపించింది.

దసరా ముందే ప్రభుదాసు సారు బడికి పోయాను. అమ్మా నాయినా ఉన్న కూలివాళ్ళతో చేయగలిగినంత చేశారు. చివరి వరుసలు వదిలేశారు. విత్తనం తక్కువ వచ్చింది, కంపెనీ తరఫు ఆర్గనైజర్ ఇంటికొచ్చి నాలుగు మాటలని పోయాడు. నాయిన నాతో ఫోన్‌లో మాట్లాడడానికి దీపావళి దాటింది. మాట్లాడినప్పుడు, మళ్ళీ ఏడు సగం చేను కందికి వదిలేస్తానని మాత్రం చెప్పాడు. హైదర్ సంక్రాంతి చూడలేదు. నస్రీన్ మట్టికి అందలేదు.

జనవరిలో నాగర్‌కర్నూల్‌లో బడుల ఆటలు పెట్టారు. అట్లా పెట్టడం నేను చూడలేదు, ఏదో కారణంగా ఆ ఏడు వెనక్కి జరిగాయి. మా పిల్లలు మొదటిసారి నా చేతుల మీదుగా ఆడుతున్నారు. నేను అమ్మకు ఊరికే చెప్పానంతే. ఆమె పత్తి ఏరడం మధ్యలో ఆపి, రెండు బస్సులు మారి వచ్చింది. వచ్చేసరికి ఆట మొదలైపోయింది. టెంటు కింద నీడలో కుర్చీ చూపించాను. కూర్చుంది, కొంగు సర్దుకుంది, మా ఎడమ దిక్కు పిల్ల ఎవరో అడిగి తెలుసుకుంది.

మా పిల్లలు గోలు కొట్టినప్పుడు వెనక్కి తిరిగి చూశాను. అమ్మ కుర్చీలోనే ఒక పక్కకు ఒరిగి, నోరు కొద్దిగా తెరుచుకొని నిద్రపోతోంది. ఒడిలో చేతులు కదలకుండా ఉన్నాయి. చుట్టూ అరుపులు, ఈలలు, మైకు. ఆమెకు ఏదీ వినిపించడం లేదు. పట్టపగలు మా అమ్మ అట్లా వేళ్ళు కూడా కదలకుండా నిద్రపోవడం నేనెప్పుడూ చూడలేదు.

లేపమంటారా మేడం అని పక్కన ఉన్న పిల్ల అడిగింది.

వద్దన్నాను. కుర్చీని ఎండ తగలకుండా కొంచెం లోపలికి జరిపి, మళ్ళీ అంచు దగ్గరికి పోయి నిలబడ్డాను.